జీవానందం బల్లికారు

"బల్లి పలికింది. దిగండి," అన్నది వెంకటశేషమ్మ.

ఆమె మొగుడు పద్మనాభయ్య అప్పటికే ముందు సీట్లో కూర్చొని పైపంచ సర్దుకుంటున్నాడు. చిట్టమూరు పక్కన పెద్ద వ్యవసాయం ఆయనది. కొడుక్కి పిల్లను చూడను గూడూరు పోవాలని, ముందురోజే కబురంపి జీవానందం కారు మాట్లాడుకున్నారు. రాత్రికే జీవానందం ఊరు వాకాడు వచ్చి, చుట్టాలింట్లో దిగి, పొద్దున్నే మంచి గడియ చూసుకొని బయల్దేరినారు. వెనక సీట్లో పూలబుట్ట, అరటిపండ్లు, పట్టుచీరె మడత నలగకుండా కాళ్ళు చాపుకున్న వెంకటశేషమ్మ. జీవానందం తాళం తిప్పి ఇంజను ఎత్తించినాడు. అందుకున్న మరుక్షణం దాని కడుపులోనించి మొదలైంది. టిక్కు, టిక్కు, టిక్కు, టిక్కు.

"బల్లేంది మే? కారు గదా అది," అన్నాడు పద్మనాభయ్య.

"కారులో ఉంటే బల్లి బల్లి కాకుండా పోద్దా? బయల్దేరేటప్పుడు పలికింది. అదీ ఒకసారి పలికి ఊరుకుందా? ఆపకుండా వద్దు వద్దు అంటా ఉంది. నా బిడ్డ పెండ్లి ఇది. నేను రాను."

"అమ్మా, అది ఇంజను శబ్దం తల్లీ. రోడ్డెక్కితే వినబడను కూడా వినబడదు," అన్నాడు జీవానందం.

"వినబడకపోతే పలకనట్టా నాయనా?"

పద్మనాభయ్య ఒకసారి పెండ్లాం మొహం చూసినాడు, ఒకసారి కారు మూతివైపు చూసినాడు, చెప్పులు వెతుక్కొని దిగినాడు. పూలబుట్ట దిగింది, అరటిపండ్లు దిగినాయి. అంతా పోయి గూడూరు బస్సుకు నిలబడ్డారు. కారు మాత్రం నడిబజారులో పలుకుతానే ఉంది.

ఈ జీవానందం ఎవరో చెప్పాలి గదా. పధ్నాలుగేండ్లు గూడూరు బస్సు నడిపిన డ్రైవరు. మనిషి పొడుగు, మాట పొట్టి. కొత్త కారుకు పేరు రాయించి ఆరేండ్లు కాచుకున్నాడు. ఆ కాలంలో కారంటే అంగట్లో దొరికే వస్తువు కాదు, వంతు రావాల. వంతు వచ్చినప్పుడు పెండ్లాం మగ్దలీనమ్మకు పుట్టింటివాళ్ళిచ్చిన ఎకరంన్నర చేను అమ్మి, బస్సు కొలువు మానుకొని, అరవై అయిదు ఫిబ్రవరిలో మద్రాసునుంచి నల్లని కారు తోలుకొచ్చినాడు. చుట్టుపక్కల అద్దెకు దొరికే కారు అదొక్కటే. చేను పోయిందని మగ్దలీనమ్మ వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఎనిమిదోరోజు ఊళ్ళో ఎవరికో కాన్పు కష్టమైతే, కొట్టుకుంటున్న ఆ మనిషిని ఆ కారు వేళకు గూడూరు ఆస్పత్రికి చేర్చింది. తల్లీ బిడ్డా క్షేమంగా తిరిగొచ్చినాక మగ్దలీనమ్మ చేను మాట మళ్ళా ఎత్తలేదు.

కారుతోబాటు ఒక గ్యారంటీ కాగితం వచ్చింది. ఆరు నెలల లోపల ఇంజనులో ఏ లోపం బయటపడినా కంపెనీవాళ్ళే బాగుచేసి ఇవ్వాల. బయటివాళ్ళెవరైనా ఇంజను విప్పితే మాత్రం ఆ కాగితం చెల్లదు. జీవానందం దాన్ని బైబిల్లో పెట్టుకున్నాడు. ఆగస్టు పధ్నాలుగో తేదీ దాకా దానికి ప్రాణం.

శబ్దం మొదలైంది జూన్‌లో. పద్మనాభయ్యవాళ్ళు దిగిపోయిన నాలుగురోజులకే ఊళ్ళో పిల్లకాయలు "బల్లికారు, బల్లికారు" అని వెంటబడినారు. పెండ్లివాళ్ళు రావడం మానేసినారు. కోర్టు పనిమీద పోయేవాళ్ళు మానేసినారు. కడకు ఆస్పత్రికి పోయేవాళ్ళు కూడా, ఎందుకొచ్చిన శకునమని, బస్సుకే నిలబడినారు. మన క్రైస్తవులకు శకునాలేంది అని వాదించే వాళ్ళు సైతం, ప్రయాణం తమదైనప్పుడు, "ఈసారికి బస్సులో పోతాంలే జీవానందం, ఏమీ అనుకోబాక," అన్నారు.

జీవానందం కారేసుకొని మద్రాసు పోయినాడు. కంపెనీ షెడ్డులో నీలంరంగు బట్టల మేస్త్రీ బానెట్టు ఎత్తి, పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొన ఇంజనుకు, ఒక కొన చెవికి ఆనించి విన్నాడు.

"ఎంగయ్యా సత్తం?" అన్నాడు. శబ్దం ఎక్కడ అని.

నిజంగానే లేదు. నూనె పోసిన కుట్టుమిషను మాదిరి నున్నగా తిరుగుతా ఉంది. "నిన్న పొద్దున గూడా కొట్టుకునింది సార్," అన్నాడు జీవానందం. మేస్త్రీ పుస్తకంలో ఫిర్యాదు రాసుకున్నాడు, శబ్దం వచ్చినప్పుడు తీసుకురా అన్నాడు. మర్నాడు వాకాట్లో తాళం తిప్పితే, టిక్కు టిక్కు. మళ్ళా మద్రాసు. మళ్ళా లేదు. రెండోసారి షెడ్డులో నలుగురు చేరి నవ్వినారు. ఒకాయన, "నీ చెవి చూపించుకో అయ్యా," అన్నాడు. తిరిగొస్తా సూళ్ళూరుపేట దగ్గర కారు పక్కకు తీసి, స్టీరింగు మీద తల పెట్టుకొని ఎంతసేపు కూర్చున్నాడో ఆయనకే తెలియదు. చేను లేదు, బస్సు కొలువు లేదు, ఉన్న ఒక్క కారూ మనుషుల ముందర ఒక మాట, మేస్త్రీ ముందర ఒక మాట చెప్తా ఉంది.

మగ్దలీనమ్మే అన్నది, "సమాధానం తాత చేత ప్రార్థన చేయిద్దాం," అని.

సమాధానం తాత సంఘంలో పెద్ద. వయసులో బకింగ్‌హాం కాలువమీద ఉప్పు పడవలు నడిపిన మనిషి. డెబ్బయి దాటినాయి. చెవులు పూర్తిగా మందగించినాయి, ఏం చెప్పాలన్నా అరవాల. అయినా జ్వరం వచ్చినా, గేదె పాలు చేపకపోయినా, మాలవాళ్ళు గానీ రెడ్లు గానీ, "తాతను పిలవండి," అనేవాళ్ళు. ఆ మాటంటే ఆయనకు బతుకంత విలువ. ఇంకేముంది ఆ ముసలాయన దగ్గర? ఒక చేతికర్ర, ఒక తెల్లచొక్కా, ఆ పేరు.

శనివారం పొద్దున్నే వచ్చినాడు. వీధంతా చేరింది. ఇంజను ఆపి ప్రార్థన చేయాలా, ఎత్తించి చేయాలా అని కాసేపు తర్జనభర్జన జరిగింది.

"రోగి మూలుగుతా ఉంటేనే గదా మనం మోకరించేది. ఎత్తించు," అన్నది మగ్దలీనమ్మ.

ఎత్తించినాడు. టిక్కు, టిక్కు. తాత బానెట్టుకు ఎదురుగా నిలబడి కండ్లు మూసుకున్నాడు. ఆయన ప్రార్థన ఆదాము దగ్గర మొదలైంది. ఓడలో నోవహును దాటి, ఎర్రసముద్రం దాటి, వానలు, పంటలు, సరిహద్దులో సిపాయిలు, ఢిల్లీలో పెద్దలు, కాలువమీద పడవలు, ఊళ్ళో రోగులు, అందరినీ పేరుపేరునా తలచుకొని, అరగంట తర్వాత జీవానందం ఇంజను దగ్గరికి వచ్చింది. "ఆమెన్" అనేసరికి వీధంతా చెవులు రిక్కించింది.

శబ్దం లేదు.

ఎవరో "స్తోత్రం!" అని అరిచినారు. మగ్దలీనమ్మ అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చింది. తాతకు ఏం జరిగిందో తెలియక, "ఏమైంది, ఏమైంది?" అంటే, "ఆగింది తాతా, ఆగింది!" అని పదిమంది అరిచి చెప్పినారు. "ఆగింది," అన్నాడు ఆయన కూడా.

ఆ రోజంతా కారు నోరెత్తలేదు. మధ్యాహ్నం స్కూలు హెడ్‌మాస్టరు సంజీవరావు వచ్చినాడు. మద్రాసుకు ఫిర్యాదు ఇంగ్లీషులో రాసిపెట్టింది ఆయనే.

"ఫిర్యాదు రాసిన చేత్తోనే కృతజ్ఞత కూడా రాయాల. లేకుంటే మర్యాద కాదు," అన్నాడు.

ఎవరికీ అందులో తప్పు కనబడలేదు. మేలు జరిగినాక చెప్పకుండా ఊరుకోవడం ఆ ఇండ్లల్లో ఎరగరు. "దేవుని కృపవలన, మా సంఘపెద్ద ప్రార్థనవలన, శబ్దము పూర్తిగా నిలిచిపోయినది" అని మాస్టరు రాసినాడు. జీవానందం సంతకం, సాక్షిగా మాస్టరు సంతకం, కింద సమాధానం తాత ఒక్కొక్క అక్షరమే దిద్దినట్టు పెట్టిన సంతకం. సాయంత్రం టపాలో ఉత్తరం పోయింది. ఆదివారం జీవానందం గుళ్ళో లేచి సాక్ష్యం చెప్పినాడు. పుట్టి బుద్ధెరిగి నలుగురిముందు అన్ని మాటలు మాట్లాడింది అదే మొదలు. ఆదివారం కారు కదల్చడు గనక, తాళం కూడా తిప్పలేదు.

సోమవారం తెల్లవారి తిప్పినాడు. టిక్కు, టిక్కు, టిక్కు, టిక్కు.

ఠక్కున ఆపేసినాడు. వీధిలో ఎవరైనా విన్నారా అని చూసినాడు. ఎవరూ లేరు. కారులోనే కూర్చుండిపోయినాడు. లోపల మగ్దలీనమ్మ పొయ్యి ఊదుతా ఏదో కీర్తన పాడుకుంటా ఉంది. ఆ పాట ఆపేది ఎట్లా?

ఆపలేదు. ఆ సాయంత్రం నుంచి కారును ఊరి బయట, సముద్రం వైపు సరుగుడు తోపులో పెట్టడం మొదలుపెట్టినాడు. "ఇంటికాడ ఎండ జాస్తి, రంగు పోతా ఉంది," అన్నాడు పెండ్లాంతో. తెల్లవారి చీకట్లోనే పోయి ఇంజను ఎత్తించి, ఆ టిక్కుటిక్కు వింటా మోకాళ్ళమీద చేతులు పెట్టుకొని కూర్చునేవాడు. పావుగంటకు అదే తగ్గేది. తగ్గినాక ఊళ్ళోకి తోలుకొచ్చేవాడు. అట్లా కూర్చుని కూర్చునే మూడోరోజో నాలుగోరోజో ఆయనకు తట్టింది. చల్లగా ఉంటే కొట్టుకుంటుంది, వేడెక్కితే ఆగుతుంది. మద్రాసు దాకా తొంభై మైళ్ళు తోలుకొని పోతే ఇంకెక్కడి శబ్దం? తాత అరగంట ప్రార్థన చేస్తే ఇంకెక్కడి శబ్దం? తెలిసిందానికి సంతోషించాల్సిన మనిషి, మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. తెలిసింది ఎవరికి చెప్పాల? ఏమని చెప్పాల?

ఊరు మాత్రం మళ్ళా ఆయన్ని నమ్మింది. ప్రార్థనతో బాగుపడిన కారని గూడూరు దాకా పాకింది. పద్మనాభయ్య కూడా తిరిగొచ్చినాడు. వెంకటశేషమ్మ కారెక్కుతా బానెట్టుకు దండం పెట్టింది. "మీ దేవుడు గట్టివాడు నాయనా," అన్నది. జీవానందం గేరు వేసినాడు గానీ తలకాయ ఎత్తలేదు.

రోజులు గడిచేకొద్దీ పావుగంట అరగంటయింది, అరగంట ముప్పావుగంటయింది. నీలంగా పొగ కూడా మొదలైంది. ఆగస్టు మొదటివారంలో ఒకరోజు, మొగుడు కాఫీ తాగకుండా పోయినాడని చెంబు తీసుకొని మగ్దలీనమ్మ తోపుకు వచ్చింది. సరుగుడు చెట్ల మధ్య ఆ శబ్దం విని నిలబడిపోయింది. చెంబు కిందపెట్టి, ఆయన పక్కన సీట్లో కూర్చుంది.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నది.

"మొదటినుంచి."

"నాతో గూడా చెప్పలేదే."

"నువ్వు పాట పాడుకుంటా ఉన్నావు," అన్నాడు జీవానందం.

ఆమె చెయ్యి చాపి తాళం తిప్పి ఇంజను ఆపింది. తర్వాత, "పాటదేముంది, ఇంకొకటి పాడుకుంటాను. చేను పోయింది, కారు గూడా పోతే యాడ నిలబడతాం? లే, మాస్టరు దగ్గరికి పోదాం," అన్నది.

మాస్టరు విన్నాడు, కండ్లజోడు తీసినాడు, పెట్టుకున్నాడు. "నా దస్తూరీతో పోయిన మాట అబద్ధమా?" అని ఒకసారి కేకలు వేసినాడు. ఆ వెంటనే కాగితం అందుకొని కంపెనీకి రాసినాడు. జవాబు అయిదోరోజుకు వచ్చింది. శబ్దం ఆగిందని మీరే రాసినారు గనక మీ ఫిర్యాదు మూసేసినాము. ఆగలేదని అంటే, మొదటి ఉత్తరంలో సంతకం చేసిన వాళ్ళందరూ అది పొరపాటని రాసి సంతకాలు పెట్టాల. మా ఇన్‌స్పెక్టరు పదమూడో తేదీ శుక్రవారం గూడూరులో మా ఏజెంటు దగ్గరికి వస్తాడు. కారూ కాగితమూ అక్కడ చూపించాల.

పధ్నాలుగుకు గ్యారంటీ ఆఖరు. ఇన్‌స్పెక్టరు వచ్చేదానికి చేతిలో రెండే రోజులు.

మాస్టరు సంతకం పెట్టినాడు. మిగిలింది తాత.

జీవానందం తాత ఇంటిముందు రెండుసార్లు అటూ ఇటూ నడిచినాడు. ఎదురుగా బావికాడ ఆడవాళ్ళు నీళ్ళు చేదుకుంటున్నారు. తాత అరుగుమీద కూర్చొని చేతికర్రకు పురికొస చుడుతున్నాడు.

"తాతా, ఒక మాట," అన్నాడు దగ్గరికి వంగి.

"ఆ?"

"లోపలికి పోదాం రా తాతా," అని చేత్తో గుమ్మం చూపించినాడు.

"ఇక్కడ గాలి బాగుంది. చెప్పు. గట్టిగా చెప్పు."

"శబ్దం పోలేదు తాతా."

"ఆ?"

గుసగుసగా చెప్పాల్సిన మాట. అయిదారు వారాలు చెట్లకు తప్ప ఎవరికీ వినిపించకుండా దాచుకున్న మాట. జీవానందం కండ్లు మూసుకొని అరిచినాడు.

"శబ్దం పోలేదు! ఒక్కరోజు గూడా పోలేదు! చల్లగా ఉంటే వస్తుంది, వేడెక్కితే ఆగుద్ది! ఆ పొద్దు నువ్వు అరగంట ప్రార్థన చేసినావు, ఇంజను వేడెక్కింది, ఆగింది! అంతే తాతా! నేను గుళ్ళో చెప్పింది అబద్ధం అయిపోయింది!"

బావికాడ గిలక ఆగింది. ఒకామె కిసుక్కున నవ్వి, పక్కామె చూసిన చూపుకు కొంగు నోట్లో కుక్కుకుంది. తాత చేతిలో పురికొస అట్లాగే ఉండిపోయింది. ఆయన మొహంలో ఏముందో చూసే ధైర్యం లేక జీవానందం ఆయన కాళ్ళవైపు చూస్తా నిలబడినాడు.

"ఇప్పుడేం కావాల నీకు?" అన్నాడు తాత చివరికి.

"నీ సంతకం! ఆగలేదని!"

"కారు యాడుంది?"

తోపుకు నడిపించుకొని పోయినాడు. పొద్దుటినుంచి తీయని కారు, చల్లగా ఉంది. జీవానందం తాళం తిప్పినాడు. తాత బానెట్టుమీద అరచెయ్యి పరిచి, తల వంచి నిలబడినాడు.

"కొట్టుకుంటా ఉంది," అన్నాడు. "పడవ అడుగున రాయి గీసుకుంటే ఇట్లాగే చేతికి తెలిసేది." చెయ్యి తీయకుండానే, "ఈ శబ్దం నేను ఇంతవరకూ విననే లేదురా. ఆ పొద్దు మీరందరూ ఆగిందంటే, ఆగిందన్నాను. అంతమంది స్తోత్రం అంటా ఉంటే నాకు బాగుండింది," అన్నాడు.

ఆ మధ్యాహ్నం మాస్టరు కాగితం అరిచి చదివి వినిపించినాడు. 'పొరపాటు' అన్నచోట తాత చెయ్యెత్తినాడు. "పొరపాటు అనబాక. తొందర అని రాయి."

"కంపెనీవాళ్ళకు తొందర గిందర అర్థం కాదు తాతా," అని అరిచినాడు మాస్టరు.

"సరే, పొరపాటే కానీలే," అని తాత ఒక్కొక్క అక్షరమే దిద్దినాడు. తర్వాత కర్ర అందుకున్నాడు. "నేను గూడా గూడూరు వస్తాను. నా సంతకాన్ని ఒంటరిగా పంపితే రెండుసార్లు నవ్వుతారు."

గురువారం సాయంత్రానికే పోయి కారును ఏజెంటు ఆవరణలో వదిలినారు, పొద్దుటికి బాగా చల్లబడాలని. శుక్రవారం ఎనిమిదింటికి ఇన్‌స్పెక్టరు వచ్చినాడు. చిన్న వయసు, జేబులో మూడు పెన్నులు. జీవానందం తాళం పట్టుకున్నాడు గానీ చెయ్యి తిరగలేదు. రెండు నెలలుగా ఈ శబ్దం పోవాల, పోవాల అని వేడుకున్నవాడు, ఇప్పుడు ఇది రాకపోతే చచ్చిపోతానే అనుకున్నాడు. ఈ పొద్దు గనక మౌనంగా ఉంటే ఇంకెవరూ వినరు, రేపటితో కాగితం చచ్చిపోతుంది. తిప్పినాడు. ఇంజను అందుకుంది. ఒక క్షణం ఇంజను హోరు తప్ప ఏమీ లేదు.

టిక్కు. టిక్కు, టిక్కు, టిక్కు.

ఇన్‌స్పెక్టరు తలాడించలేదు, నవ్వలేదు. బానెట్టు ఎత్తి చాలాసేపు విన్నాడు. ఒక్కొక్క ప్లగ్గు వైరు తీసి పెట్టి చూసినాడు. ఒకదాన్ని తీసినప్పుడు శబ్దం తగ్గింది. ఇంజనుకు కంపెనీ వేసిన సీళ్ళు పరిశీలించినాడు, ఎవరూ విప్పలేదు. అప్పుడు ఫైలు తీసినాడు.

"దేవుని కృపవలన నిలిచిపోయింది అని రాసినారే," అన్నాడు. "ఇది ఫైల్లో ఉండగా నేనేమని రాసేది? ఈ సమాధానం ఎవరు?"

జీవానందం చూపించినాడు.

"ఏం పెద్దాయనా, ఒకసారి ఆగిందని సంతకం, ఒకసారి ఆగలేదని సంతకం. ఏది నమ్మమంటావు?"

జీవానందం ఆ మాటను తాత చెవిలో అరిచినాడు. తాత కర్రమీద రెండు చేతులు పెట్టుకొని నిలబడినాడు.

"మొదటిది పదిమంది చెప్పింది నమ్మి పెట్టినాను బాబూ. రెండోది చెయ్యి పెట్టి చూసి పెట్టినాను. రెండోదాన్నే నమ్ము."

ఇన్‌స్పెక్టరు ఆయన్ని ఒక్క నిమిషం చూసినాడు. తర్వాత మేజా దగ్గర కూర్చొని రాయడం మొదలుపెట్టినాడు. ఒక పేజీ నిండింది, తిప్పి రాసినాడు. ఎంతకీ తల ఎత్తడు.

"పిస్టను వదులు," అన్నాడు ఇన్‌స్పెక్టరు కాగితం చించి ఇస్తా. "చల్లగా ఉన్నప్పుడు సిలిండరు గోడకు తగులుతుంది, వేడెక్కితే ఉబ్బి సర్దుకుంటుంది. తయారీలో తేడా. కారును లారీలో మద్రాసు పంపిస్తాము. నెల పట్టొచ్చు. గ్యారంటీ కిందే."

జీవానందం ఆ కాగితం పట్టుకొని ఏజెంటు మెట్లమీద కూర్చున్నాడు. సూళ్ళూరుపేట దగ్గర రాని ఏడుపు, తోపులో రాని ఏడుపు, అంతా అప్పుడు వచ్చింది. భుజాలు ఎగిరెగిరి పడినాయి. ఇన్‌స్పెక్టరు చెప్పిన ముక్క ఒక్కటీ చెవినబడని తాతకు ఆ భుజాలే కనబడినాయి. కర్ర పక్కన పడేసి, మెట్టుమీద ఆయన పక్కనే ఒరిగి, చెయ్యి పట్టుకున్నాడు.

"పోనీలే అబ్బయ్యా," అన్నాడు. "పోతే పోయింది. బస్సు కొలువు మళ్ళా అడుగుదాం. నేను గూడా వచ్చి అడుగుతాను. తప్పు నాదే గదా, నేను వచ్చి అడుగుతాను."

జీవానందం తల అడ్డంగా ఊపినాడు. తాత ఆ ఊపును కూడా తప్పుగానే అర్థం చేసుకొని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఏజెంటు గుమాస్తాలు, రోడ్డుమీద నిమ్మకాయల బండివాడు, అందరూ అటే చూస్తా ఉండగా, జీవానందం ఆ ముసలి చెవికి నోరు ఆనించి, ఏడుస్తానే అరిచినాడు.

"చేస్తారంట తాతా! బాగు చేసిస్తారంట!"